నంబరు బాగుంది, గీతలే లేవు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఆర్‌ఎన్‌ఏ గురించే, అంటే జన్యువుల రాతకి కణం తీసుకునే నకళ్ల గురించే. ఎండలు ముదిరితే ఇంతే. చిత్తూరు మండీకి తోతాపురి కాయ దిగే రోజుల్లోనే నాకు ఈ ఉత్తరాలూ దిగుతాయి. ఫ్లాస్కుల్లో కణాలు పెంచి, వాటిలోంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, అది చెడకుండా ఉందో లేదో చూసుకునే పిల్లలు తిరుపతిలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. నేను ల్యాబ్ బల్ల దగ్గర నిలబడింది 31 ఏళ్లు. అందులో మొదటి సగంలో ఊళ్లో ఈ పని చేసేవాళ్లమంతా ఒకరికొకరు తెలిసినవాళ్లమే. ఐస్ అయిపోతే ఒకరి దగ్గర ఒకరం అప్పు తెచ్చుకునేవాళ్లం.

ఐదు ఉత్తరాలు ఏరాను. మొదటిదాని జవాబు పొడుగైంది, అందులో నా సొంత గోడు కూడా కలిసింది కాబట్టి.

ప్రశ్న: మేడం, నమస్తే. నేను పీహెచ్‌డీ రెండో ఏడు. హెప్‌జీ2 అనే కాలేయ కణాలను ఆరు గుంటల ప్లేటులో పెంచుతాను. ట్రిప్సిన్ ఎంజైముతో ప్లేటు నుంచి లేపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణాల ముద్దను మైనస్ 20 ఫ్రీజర్లో దాచుకుంటాను. మా కల్చర్ రూం ఒకచోట, చల్లటి సెంట్రిఫ్యూజ్ ఇంకోచోట. వారానికోసారి ట్యూబులన్నీ ఐస్ డబ్బాలో పెట్టుకుని స్కూటీ మీద వెళ్లి ట్రైజాల్ (ఫినాల్, గ్వానిడిన్ కలిసిన ద్రావణం)తో ఆర్‌ఎన్‌ఏ తీస్తాను. 30 మైక్రోలీటర్ల నీళ్లలో కరిగిస్తే నానోడ్రాప్ యంత్రంలో మైక్రోలీటరుకి 412 నానోగ్రాములు వస్తోంది, 260/280 నిష్పత్తి కూడా 2.01. కానీ ఒక్కో జన్యువు ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే క్యూపీసీఆర్‌లో, ప్రతి కణంలోనూ దండిగా ఉండే బీటా ఆక్టిన్‌కే సీటీ (కనిపించేసరికి పట్టిన చక్రాలు) 31. మా సీనియర్ "నంబరు అంత బాగుంటే ఆర్‌ఎన్‌ఏ తప్పు కాదు, ప్రైమర్లు మార్చు" అన్నాడు. ఆ జన్యువుని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలే కదా అవి, రెండుసార్లు మార్చాను. ఇంకేం చెయ్యాలి?
— పరిశోధక విద్యార్థిని, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: జెల్ వెయ్యి తల్లీ, కరెంటు పెట్టి ఆర్‌ఎన్‌ఏని పొడుగుల వారీగా విడదీసి చూడు. ప్రైమర్ల జోలికి మళ్లీ పోకముందే, ఈ రోజే వెయ్యి. నీ ఉత్తరంలో ఎన్నో అంకెలు ఉన్నాయి, జెల్ మాట ఒక్కసారి కూడా లేదు.

నానోడ్రాప్ చేసేది తూకం. 260 నానోమీటర్ల దగ్గర వెలుతురు ఎంత పీల్చుకుందో చూసి, ఒక యూనిట్‌కి మిల్లీలీటరులో 40 మైక్రోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ అని లెక్క కట్టి చెబుతుంది. అంతవరకే దానికి తెలుసు. కొట్లో కిలో బియ్యం తూచినా కాటాలో కిలోనే, కిలో నూకలు తూచినా కిలోనే. కాటాకి నూకల సంగతి ఎక్కడ తెలుస్తుంది? పైగా మధ్యలో డీఎన్‌ఏ కలిసినా దాన్ని కూడా కలిపే తూచేస్తుంది. ఇక 2.01 అనేది ప్రొటీన్, ఫినాల్ పెద్దగా కలవలేదని చెప్పే మాట. ఆర్‌ఎన్‌ఏ ముక్కలైందా లేదా అన్న ప్రశ్నకి అది జవాబే కాదు. మీ సీనియర్ ఒక ప్రశ్నకి వచ్చిన జవాబు తీసుకెళ్లి ఇంకో ప్రశ్న కింద రాశాడు.

నీ 412ని ఒకసారి లెక్క వేద్దాం. మైక్రోలీటరుకి 412 చొప్పున 30 మైక్రోలీటర్లకి మొత్తం 12 మైక్రోగ్రాముల పైచిలుకు. మనిషి కణం ఒక్కోదానిలో 10 నుంచి 30 పికోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది, ఆరు గుంటల ప్లేటులో నిండిన గుంటకి కణాలు సుమారు పది పన్నెండు లక్షలు. అంటే నీకు రావాల్సినంతే వచ్చింది. తీయడంలో పోలేదు. వచ్చినదాని ఒంట్లోనే ఏదో ఉంది.

ఇప్పుడు జెల్ ఏం చెబుతుందో చూడు. కణంలోని ఆర్‌ఎన్‌ఏలో 80 శాతానికి పైగా రైబోజోములది, అంటే ప్రొటీన్లు తయారుచేసే యంత్రాలది. నీకు కావలసిన ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రొటీన్ల సందేశం మోసేది, 1 నుంచి 5 శాతం లోపు, అది జెల్ మీద విడిగా కంటికి ఆనదు. కాబట్టి మనం చూసేది రైబోజోము గీతలనే. పైన 28ఎస్, దాదాపు 5,000 అక్షరాల పొడుగు. కింద 18ఎస్, దాదాపు 1,900. కణంలో రెండూ సమానంగానే ఉన్నా పైది పొడుగు కాబట్టి, ఆరోగ్యంగా ఉంటే రెండింతలు మెరుస్తుంది. చెడడం మొదలైతే ముందు పైగీత పలచబడుతుంది. రెండూ సమానమైతే అనుమానించు. రెండూ పోయి జెల్ అడుగున మసక మిగిలితే నూకలు. అడుగున ఒక చిన్న బొట్టులాగా ఉండేది మాత్రం టీఆర్‌ఎన్‌ఏ, 5ఎస్ లాంటి చిన్నవి. అది ట్రైజాల్‌తో తీసిన మంచి ఆర్‌ఎన్‌ఏలో కూడా ఉంటుంది, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు.

సీటీ 31 ఎందుకొచ్చిందో కూడా ఇందులోనే ఉంది. నువ్వు సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకి డీఎన్‌ఏ నకలు) ఓలిగో డీటీ అనే ప్రైమరుతో చేస్తున్నావనుకుంటా. అది ఎంఆర్‌ఎన్‌ఏ తోక దగ్గర పట్టుకుని పైకి రాసుకుంటూ పోతుంది. దారం మధ్యలో తెగితే రాత అక్కడే ఆగుతుంది. నీ ప్రైమర్లు తోకకి దూరంగా కూర్చుని ఉంటే వాటికి చదవడానికి ఏమీ మిగలదు. మామూలుగా ఒక మైక్రోగ్రాము ఆర్‌ఎన్‌ఏతో మొదలుపెడితే ఆక్టిన్ 16 నుంచి 20 మధ్యలో వచ్చేస్తుంది. ఒక్కో చక్రానికి రెండింతలు కాబట్టి 31 అంటే వేల రెట్లు తక్కువ.

మరి ఎక్కడ తెగింది? నా అనుమానం ఫ్రీజర్ మీద, ఆ తర్వాత స్కూటీ మీద. బతికున్న కణం తన ఆర్‌ఎన్‌ఏని తినే ఎంజైమును ఒక మూల కట్టిపెట్టుకుని ఉంటుంది. మైనస్ 20లో నెమ్మదిగా గడ్డకట్టినప్పుడు లోపల మంచు పలుకులు పుట్టి గోడలు చీలుతాయి. స్కూటీ మీద కరగడం మొదలైందంటే కట్లు తెగిన ఎంజైము, దిక్కులేని ఆర్‌ఎన్‌ఏ ఒకే గిన్నెలో పడతాయి. అలిపిరి రోడ్డులో బ్రహ్మోత్సవాల రద్దీలో ఇరుక్కున్న రోజు చెప్పనే అక్కర్లేదు. నువ్వు అక్కడికి చేరి ట్రైజాల్ మూత తీసేసరికి భోజనం అయిపోయి ఉంటుంది.

ట్రైజాల్‌ని కల్చర్ రూంకే తీసుకుపో. ట్రిప్సిన్ వద్దు, ముద్ద చేయడం వద్దు. మీడియం మొత్తం పీల్చేసి, గుంటలో నేరుగా 1 మి.లీ. ట్రైజాల్ పొయ్యి. పిపెట్‌తో ఐదారుసార్లు పైకీ కిందికీ లాగు, జిగురుగా సాగడం ఆగేదాకా. అందులోని గ్వానిడిన్ థయోసయనేట్ ఆ ఎంజైముని అక్కడికక్కడే విప్పదీస్తుంది. 1987లో చోమ్‌చిన్‌స్కీ, సాకీ ఇద్దరూ చూపించిన పద్ధతి ఇదే. అంతకుముందు ఇదే పనికి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో రాత్రంతా తిప్పేవాళ్లు. ఒకసారి ట్రైజాల్‌లో పడ్డాక నీకు తీరికే తీరిక. మైనస్ 70లో నెల రోజులైనా ఉంటుంది. తీసుకెళ్లేటప్పుడు మాత్రం మర మూత ట్యూబులో, దాని చుట్టూ టిష్యూ చుట్టి, ఇంకో డబ్బాలో పెట్టి తీసుకెళ్లు. అది ఫినాల్, స్కూటీ డిక్కీలో ఒలికే వస్తువు కాదు.

ఇంతా చెప్పి, జెల్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దని చెప్పాలి. ఇదే నా గోడు. 1990ల్లో నేను పనిచేసిన ఒకచోట మూడు నెలలు నాకు ఒక్క గీత కూడా పడలేదు. ఎప్పుడు వేసినా అడుగున మసకే. గ్లవ్స్ మార్చాను, నీళ్లు మార్చాను, ఫినాల్ కొత్త సీసా తెప్పించాను. "ఈమె చేతిలోనే ఏదో ఉంది" అని మా బాస్ నా ముందే అన్నాడు. చివరికి విసుగొచ్చి, బయటి నుంచి తెచ్చిన మంచి ఆర్‌ఎన్‌ఏని చిన్న చిన్న భాగాలు చేసి, ఒక్కోదానిలో మా బల్ల మీది ఒక్కో సీసాలోంచి కొంచెం కొంచెం కలిపి, 37 డిగ్రీల్లో గంటసేపు ఉంచి, వేరే వాళ్ల ట్యాంకులో జెల్ వేశాను. నీళ్లు బాగున్నాయి. బఫర్ బాగుంది. నీలం లోడింగ్ డై కలిపిన లేన్ ఒక్కటే ఖాళీ. విచారిస్తే తేలింది, ప్లాస్మిడ్ (బాక్టీరియాలోని గుండ్రటి డీఎన్‌ఏ) తీసే కుర్రాళ్లు తమ జెల్ శుభ్రంగా రావాలని డై సీసాలోనే ఆర్‌ఎన్‌ఏజ్, అంటే ఆర్‌ఎన్‌ఏని తినే ఎంజైము, కలిపి పెట్టుకున్నారు. లేబుల్ మీద ఆ ముక్క రాయలేదు. మూడు నెలలూ నా ఆర్‌ఎన్‌ఏ బాగానే ఉంది, జెల్లో వేసే ముందు నేనే దానికి విషం కలిపి వేస్తున్నాను.

కాబట్టి నీ డై నువ్వే కలుపుకో, సీసా మీద పేరు రాసి తాళం వేసుకో. ట్యాంకు, దువ్వెన ప్లాస్మిడ్ వాళ్లవి వాడొద్దు. జెల్‌కి పెద్ద హంగామా అక్కర్లేదు. 50 మి.లీ. టీఏఈ బఫర్‌లో 1 శాతం అగరోజ్, కరిగించేముందు అర మి.లీ. వాసన కలపని మామూలు బ్లీచ్. బ్లీచ్ ఆ జెల్లో ఉన్న ఆర్‌ఎన్‌ఏజ్‌ని చంపుతుంది. లేనుకి 300 నానోగ్రాములు చాలు. ఫార్మమైడ్ ఉన్న డైలో 70 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు వేడిచేసి, వెంటనే ఐస్‌లో గుచ్చి, ఆపైన వెయ్యి. ఒక్క హెచ్చరిక: బ్లీచ్ జెల్ దాకే. ట్రైజాల్ ఒలికినచోట, ట్రైజాల్ పారబోసే డబ్బాలో బ్లీచ్ చుక్క కూడా పడకూడదు. గ్వానిడిన్ థయోసయనేట్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.

ఇంకోటి మర్చిపోయాను. గీతలు బాగున్నా సీటీ పనికిరాకపోతే, ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా రాసే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ ఎంజైము కలపకుండా ఒక ట్యూబు పక్కన నడుపు. దాంట్లో కూడా సీటీ దగ్గరగా వస్తే నువ్వు కొలుస్తున్నది డీఎన్‌ఏని. డీఎన్‌ఏని తినే డీఎన్‌ఏజ్ పెట్టు. దాన్ని ఆపేటప్పుడు ముందు మెగ్నీషియాన్ని పట్టేసే ఈడీటీఏ కలిపి, ఆ తర్వాత 65 డిగ్రీల్లో పది నిమిషాలు. ఈడీటీఏ లేకుండా వేడిచేస్తే మెగ్నీషియం ఆర్‌ఎన్‌ఏనే విరిచేస్తుంది.

ప్రశ్న: మేడం, నా ఆర్‌ఎన్‌ఏ 260/230 ఎప్పుడూ 0.5 దాటదు. 260/280 కూడా 1.65. జెల్లో రెండు గీతలూ బాగున్నాయి. తీసి పారెయ్యాలా?
— ప్రాజెక్టు అసిస్టెంట్, రేణిగుంట

జవాబు: పారెయ్యొద్దు నాయనా. గీతలు బాగున్నాయంటే వరి బాగానే పండింది, చెరగడం సరిగా జరగలేదు. 230 దగ్గర ఎత్తు వచ్చిందంటే గ్వానిడిన్ ఉప్పు మిగిలింది. 280 వైపు కూడా చెడిందంటే దాంతోపాటు ఫినాల్ కూడా వచ్చిందని నా అంచనా. అంకెలు వదిలేసి తెర మీది గీతని చూడు. శిఖరం 260 మీద కాకుండా 270 వైపు జరిగి ఉంటే ఫినాలే.

నువ్వు ఎక్కడ తప్పు చేస్తున్నావో నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. 1 మి.లీ. ట్రైజాల్‌కి 0.2 మి.లీ. క్లోరోఫామ్ పోసి, 15 సెకన్లు గట్టిగా ఊపి, రెండు మూడు నిమిషాలు నిలబెట్టి, 4 డిగ్రీల్లో 12,000 జీ దగ్గర 15 నిమిషాలు తిప్పుతావు. తీసి చూస్తే మూడు పొరలు. కింద గులాబి రంగు, అది ఫినాల్. పైన నీళ్లలాంటి తేట, అందులో ఆర్‌ఎన్‌ఏ. మధ్యలో పాలమీగడలాగా తెల్లటి పొర, డీఎన్‌ఏ అక్కడ ఉంటుంది. తేట సుమారు 500 మైక్రోలీటర్లు ఉంటుంది. నువ్వు 500 మొత్తం లాగుతున్నావు కదూ? ట్యూబు వాలగానే మీగడ కదులుతుంది, చివరి యాభైతో పాటు టిప్పులోకి ఎక్కేస్తుంది. ట్యూబుని 45 డిగ్రీల వాలులో పట్టుకుని, టిప్పు పైగోడకి ఆనించి, 200 చొప్పున రెండుసార్లు తియ్యి. మిగతా వంద వదిలెయ్యి. వదిలేదాంట్లో పోయేది ఐదో వంతు ఆర్‌ఎన్‌ఏ, దానికి ఆశపడితే పాడయ్యేది మొత్తం. నేను మా కుర్రాళ్లకి "తేట వదిలిపెట్టడం నేర్చుకోండిరా, మిగతాది ఎవడైనా చేస్తాడు" అనేదాన్ని.

ఇప్పుడున్న ట్యూబుల్ని బాగుచేయాలంటే 0.3 మోలార్ వచ్చేలా సోడియం అసిటేట్ కలిపి, రెండున్నర రెట్లు ఇథనాల్ పోసి, మళ్లీ దించు. 75 శాతం ఇథనాల్‌తో ఒకసారి కాదు, రెండుసార్లు కడుగు. కడిగిన ప్రతిసారీ ముద్ద గోడనుంచి లేచేలా ఊపాలి, పైపైన నీళ్లు పోసి తీయడం కడగడం కాదు. ఐసోప్రొపనాల్‌లో తిప్పేటప్పుడు ట్యూబు మూత కీలు బయటివైపు ఉండేలా పెడితే ముద్ద ఎప్పుడూ కీలు కిందే కూర్చుంటుంది. కనిపించని ముద్దని కూడా అక్కడే ఉందని నమ్మి పని చేసుకోవచ్చు.

ఎండబెట్టడం గురించి పుస్తకాల్లో ఐదు నుంచి పది నిమిషాలని ఉంటుంది. ఆ పది నిమిషాలు మన ఊరి మే నెలవి కావు. ఏసీ లేని గదిలో నాకు మూడు నిమిషాలు దాటితే ముద్ద అద్దంలాగా తేటపడిపోయేది. అలా అయిందంటే ఇక కరగడానికి మొరాయిస్తుంది, సగం కరిగినదాని 260/280 కూడా తప్పుడు లెక్కే చూపిస్తుంది. అంచులు తెల్లగా ఉండగానే నీళ్లు పోసి, 55 డిగ్రీల్లో పది నిమిషాలు పెట్టు.

అన్నట్టు, ఆర్‌ఎన్‌ఏని నీళ్లలో కరిగించి నీళ్లలోనే కొలిస్తే 280 నిష్పత్తి కొంచెం తక్కువ చూపిస్తుంది, నీళ్లు కాస్త పులుపు కాబట్టి. అదే ఆర్‌ఎన్‌ఏని పీహెచ్ 7.5 ట్రిస్‌లో కొలిచి చూడు, పెరుగుతుంది. 1.85 చూసి ఏడ్చినవాళ్లను చూశాను నేను. ఇంకా 20 నానోగ్రాములకి లోపు ఉన్న ట్యూబుల్లో 260/230 ఎంత వచ్చినా పట్టించుకోకు, అక్కడ ఆ అంకెకి అర్థమే ఉండదు.

ప్రశ్న: టిప్పులు, ట్యూబులు, నీళ్లు అన్నీ ఆటోక్లేవ్ చేశాం, అంటే ఒత్తిడి ఆవిరిలో ఉడికించాం. ఇంకా ఆర్‌ఎన్‌ఏజ్ ఎక్కడి నుంచి వస్తుంది మేడం?
— ఎమ్మెస్సీ విద్యార్థి, చంద్రగిరి

జవాబు: ఆటోక్లేవ్ నుంచి బతికి బయటికొస్తుంది. ఆర్‌ఎన్‌ఏజ్ ఏ అనేది 124 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్, దాన్ని నాలుగు గంధకపు కుట్లు కుట్టిపెట్టి ఉంటాయి. కాగబెడితే విప్పుకుంటుంది, చల్లారితే మళ్లీ తనంతట తనే సరిగ్గా మడుచుకుంటుంది. విప్పేసిన ఈ ఎంజైము ఎవరి సాయమూ లేకుండా తిరిగి పనిలోకి వస్తుందని చూపించినందుకే క్రిస్టియన్ అన్ఫిన్సెన్‌కి 1972లో రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం వచ్చింది. ఆయనకి నోబెల్ తెచ్చిన గుణమే మనకి తలనొప్పి తెచ్చింది.

నీళ్లకయితే లీటరుకి 1 మి.లీ. డీఈపీసీ (ఆర్‌ఎన్‌ఏజ్‌ని చంపే రసాయనం) కలిపి, రాత్రంతా ఉంచి, ఆ తర్వాత ఆటోక్లేవ్ చెయ్యి. ఇక్కడ ఆటోక్లేవ్ పని మిగిలిన డీఈపీసీని విరగ్గొట్టడం. ట్రిస్ ఉన్న బఫర్‌లో డీఈపీసీ కలపకు, ట్రిస్ దాన్ని తినేస్తుంది. గాజు సామాను 180 డిగ్రీల ఓవెన్లో రాత్రంతా కాల్చు. టిప్పులు మాత్రం ఫిల్టర్ ఉన్నవి, ఆర్‌ఎన్‌ఏజ్ లేదని రాసినవి కొనుక్కో. అక్కడ మిగిల్చే డబ్బుకి అర్థం లేదు. ఇంక అసలు మూలం మీ వేళ్లే. చెమట పట్టిన చెయ్యి తలుపు పిడి ముట్టుకుని, ఆ చేత్తోనే టిప్పు డబ్బా మూత తీస్తే ఏ ఆటోక్లేవూ ఏమీ చెయ్యలేదు.

ప్రశ్న: గౌరవనీయులైన మేడం గారికి. నేను చిత్తూరులో డిగ్రీ కాలేజీ అధ్యాపకుణ్ని. పిల్లలకి ఆర్‌ఎన్‌ఏ నాణ్యత అంటే ఏమిటో కళ్లకు కట్టినట్టు చూపించాలని ఉంది. మా దగ్గర కల్చర్ లేదు, చల్లటి సెంట్రిఫ్యూజ్ లేదు. ఉన్నది బల్ల మీది చిన్న సెంట్రిఫ్యూజ్, 12,000 ఆర్‌పీఎం దాకా పోతుంది. సాధ్యమేనా?
— వృక్షశాస్త్ర అధ్యాపకుడు, చిత్తూరు

జవాబు: సాధ్యమే సార్. ముందు ఒక చిన్న దిద్దుబాటు. ఆర్‌పీఎం అంటే నిమిషానికి చుట్లు, జీ అంటే భూమి లాగే బలానికి ఎన్ని రెట్లన్నది; 12,000 ఆర్‌పీఎం, 12,000 జీ ఒకటి కావు. మీ రోటర్ వ్యాసార్థం 6 సెంటీమీటర్లయితే 12,000 ఆర్‌పీఎం దగ్గర వచ్చేది సుమారు 9,660 జీ. అది కూడా పనికొస్తుంది, 15 బదులు 20 నిమిషాలు తిప్పండి. చల్లదనం కోసం మేం ఒక వేసవి మొత్తం సెంట్రిఫ్యూజ్‌నే తీసుకెళ్లి పెద్ద ఫ్రిజ్‌లో పెట్టి, తీగ తలుపు సందులోంచి బయటికి లాగాం. ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మె తెచ్చి, గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టుకునేవాళ్లం. ఇప్పుడైతే మీకు సిలికా కాలమ్ కిట్ తేలిక, అది గది వేడిలోనే నడుస్తుంది. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కడిగిన తర్వాత కాలమ్‌ని ఖాళీగా ఇంకోసారి తిప్పితేనే ఇథనాల్ పూర్తిగా పోతుంది. అది మిగిలితే నమూనా జెల్ గుంటలో కూర్చోకుండా పైకి తేలిపోతుంది.

కణాలకి తిరుపతిలో తెలిసిన ల్యాబ్ ఎవరినైనా అడగండి. పారేసే ఫ్లాస్కు కణాలనే కిట్‌లోని లైసిస్ బఫర్‌లో పోసి, గడ్డకట్టించి ఇమ్మంటే ఇస్తారు. బతికున్న కణాలు మోసుకురావాల్సిన అవసరం లేదు.

పిల్లలకి నాలుగు లేన్లు వేయించండి. ఒకటి తీసినది తీసినట్టే. రెండోది గది వేడిలో మధ్యాహ్నమంతా బల్ల మీద పెట్టింది. మూడోదాంట్లో ఒక పిల్లవాడు గ్లవ్స్ లేకుండా వేలికొన తగిలించిన టిప్పుతో కలిపింది. నాలుగోదాంట్లో ఆర్‌ఎన్‌ఏజ్ చుక్క. చాలాసార్లు రెండో లేన్ బాగానే ఉంటుంది, మూడోది పోతుంది. శుభ్రమైన నీళ్లలో ఆర్‌ఎన్‌ఏ కాసేపు ఎండని కూడా ఓర్చుకుంటుంది, వేలిని ఓర్చుకోదు. ఆ వేలు ఎవరిదో ఆ పిల్లవాడిని క్లాసు ఏడాదంతా ఏడిపిస్తుంది, అది మీరే చూసుకోవాలి. జెల్ వేసేముందు నాలుగు ట్యూబుల్నీ నానోడ్రాప్ ఉన్నచోట ఒకసారి కొలిపించగలిగితే మరీ మంచిది. నాలుగింటికీ దాదాపు ఒకే అంకె వస్తుంది.

ప్రశ్న: అక్కయ్యా, నేను మీ పత్రికలో వంటల పేజీ చదివేదాన్ని, మీ పేజీ ఎప్పుడూ చూడలేదు. మా అమ్మాయి తిరుపతిలో పరిశోధన చేస్తోంది. ఫోన్ చేస్తే చాలు, "ఆర్‌ఎన్‌ఏ తీస్తున్నా, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తుంది. మళ్లీ చెయ్యదు. రాత్రి పదకొండుకి హాస్టల్‌కి పోతోందట. మొన్న ఇంటికొస్తే మణికట్టు మీద తెల్లటి మచ్చ, ఏమిటంటే "ఏం లేదులే అమ్మా" అంది. ఇది అంత ముట్టుకోకూడని పనా? నాకు భయంగా ఉంది.
— ఒక తల్లి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: చెల్లెమ్మా, ముందు మచ్చ గురించి. అది ఫినాల్ అయి ఉండొచ్చు. ఫినాల్ పడినచోట చర్మం తెల్లబడుతుంది, మొద్దుబారుతుంది కూడా, అందుకే పిల్లలు "ఏం లేదు" అంటారు. నొప్పి తెలియకపోవడం దాని గుణమే. పడిన వెంటనే చాలాసేపు ధారగా నీళ్లు పోసి కడగాలి, డాక్టరుకి చూపించాలి. ఈసారి వచ్చినప్పుడు ఒకసారి చూపించండి. పల్చటి గ్లవ్స్ ఫినాల్‌ని ఎక్కువసేపు ఆపలేవు, చుక్క పడగానే మార్చాలి, కోటు చెయ్యి మణికట్టు దాకా ఉండాలి. ఈ ముక్క నేను చెప్పానని చెప్పండి. మీరు చెబితే వినదు.

ఫోన్ సంగతికొస్తే, మీ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు మడి కట్టుకున్నప్పుడు పిల్లలు తగిలితే ఏమయ్యేదో గుర్తుందా? ఇదీ అంతే, కాకపోతే దీనికి కారణం జెల్ మీద కనిపిస్తుంది. ఫోన్ అంత మురికి వస్తువు ల్యాబ్‌లో ఇంకోటి లేదు. చెంపకి ఆనుతుంది, చెమటలో తడుస్తుంది. ఫోన్ ముట్టుకున్న గ్లవ్స్‌తో ట్యూబు ముట్టుకోకూడదు. మీరు ఒకసారి చేస్తే ఆమె ఒక జత గ్లవ్స్ పారెయ్యాలి. రోజుకి నాలుగుసార్లు చేస్తే లెక్క వేసుకోండి.

అలాగని మాట్లాడటానికి వేళే లేదని కాదు. ఆ పనిలో మూడుసార్లు యంత్రం తిరుగుతుంది, ఆమె ఖాళీగా గోడకానుకుని నిలబడుతుంది. మొదటిసారి 15 నిమిషాలు, రెండోసారి పది, మూడోసారి ఐదు. నేను మా అమ్మతో మాట్లాడింది ఆ పదిహేను నిమిషాల్లోనే, కారిడార్‌లో ఉన్న ఒక్క ఫోన్ దగ్గర. ఈసారి తను ఫోన్ ఎత్తగానే "తిన్నావా" అని అడక్కండి. "మొదటి స్పిన్ ఎప్పుడు?" అని అడగండి. కాసేపు మాట రాదు, ఆ తర్వాత టైము చెబుతుంది.